మారక్క నిద్ర

మా అత్త మారక్క ఎండ మొహాన పడేదాకా నిద్రపోవడం నేను ఆ రిసార్టులోనే చూశాను. అదీ లోపలి మెత్తటి పరుపు మీద కాదు. గది బయట వరండాలో, గుమ్మానికి అడ్డంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న కంబళి పరుచుకుని. ఎదురుగా కంచెకు అవతల ఆఫ్రికా జింకలు పడుకుని నెమరు వేస్తున్నాయి.

ఒక మనిషి నిద్రపోవడం కూడా చెప్పుకునే విషయమా అని మీరనుకోవచ్చు. మా అత్తతో ఒక్క వారం ఉంటే అలా అనరు. ఆమె పడుకోదు, మమ్మల్ని పడుకోనివ్వదు. ఆకు కదిలితే లేస్తుంది, కుక్క మొరిగితే లేస్తుంది, ఏమీ చప్పుడు లేకపోతే ఎందుకు లేదా అని లేస్తుంది.

మాది పావగడ దగ్గర వల్లూరు. అత్త పుట్టినిల్లు రాయచెర్లు. ఆమె కాపురానికి వచ్చేనాటికి మా మామ ఈశ్వరప్పకు కొంత మెట్ట చేను, ఒక మంద గొర్రెలు ఉండేవట. వానలు పడితే వేరుశనగ, పడకపోతే గొర్రెలే దిక్కు. ఎండాకాలం వస్తే ఇద్దరూ మందను తోలుకుని ఊళ్ళ మీద పోయేవాళ్ళు. రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద పెట్టించుకునేవాళ్ళు. రాత్రి ముళ్ళకంపతో దొడ్డి కట్టి, ఈ పక్క ఆమె, ఆ పక్క ఆయన కంబళి పరుచుకునేవాళ్ళు.

అక్కడ వాళ్ళకో పద్ధతి ఉంది. ఒకరు "మేలుకోనుండావా?" అని కేక వేస్తారు. అవతలి పక్క నుంచి "ఊఁ" అని వస్తే కేక వేసినవాళ్ళు కన్ను మూయవచ్చు, ఊఁ అన్నవాళ్ళు కాపలా. ఊఁ రాలేదంటే రెండోవాళ్ళు నిద్రపోయినట్టు, కేక వేసినవాళ్ళే మేలుకోవాలి. మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుని మాట్లాడుకోని రోజుల్లో కూడా ఆ ఊఁ మాత్రం ఆగేది కాదట. మామను గురించి అత్త చెప్పే మంచి మాట ఇదొక్కటే. "మీ మామకు కోపం జాస్తి, తాగుడు జాస్తి. ఊఁ అనేదాంట్లో మాత్రం ఏపొద్దూ తప్పలేదు" అంటుంది.

ఆయన కామెర్లతో పోయాడు. అప్పుడు మా ఆయన గిరీశ్ పావగడలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. దినాలు అయిపోయిన రాత్రి అత్త ఒక్కతే దొడ్డి దగ్గరకు పోయి పడుకుంది. అలవాటు కొద్దీ కేక వేసింది. ఊఁ రాలేదు. మేలుకోవాల్సింది తనే అని తెలుసు. కానీ అన్ని రోజుల ఏడుపు, అలసట, ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. పొద్దున లేచి చూస్తే రాత్రి మంద మీద తోడేళ్ళు పడ్డాయి, గొర్రెపిల్లల్లో సగం లేవు. ఆ పొద్దు నుంచి ఆమె నిద్ర మానేసింది.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. మా చేను కూడా గుత్తకు పోయింది. చేను చుట్టూ ఇనుప కంచె, లోపల ప్యానెళ్ళు. గిరీశ్‌కు అక్కడే సెక్యూరిటీలో పని దొరికింది, ఇప్పుడు సూపర్‌వైజర్. తండ్రి వేరుశనగ వేసిన చేలోనే రాత్రంతా టార్చి వేసుకుని తిరుగుతాడు. ఇంటి వెనక దొడ్డి దగ్గర ఆయన తల్లి టార్చి వేసుకుని తిరుగుతుంది. పగలు ఆమె మిగిలిన బీళ్ళల్లో, కంచెల మధ్య రోడ్డు అంచుల్లో గొర్రెలను మేపుతుంది. లారీ వస్తే ఆమె పక్కకు జరగదు, లారీయే ఆగాలి.

నేను పావగడలో బట్టల అంగట్లో పని చేస్తాను. రోజూ బస్సులో పోయి బస్సులో రావాలి. కూతురు ధనశ్రీని టౌన్లో మంచి బడిలో వేయాలని నా కోరిక. మేడ మీద ఒక ఇల్లు కూడా చూసి పెట్టాను. గాలీ వెలుతురూ ఉంది, కొళాయి ఉంది. గిరీశ్ సరేనన్నాడు. అడ్డం వచ్చింది గొర్రెలే. గొర్రెల వ్యాపారి తిరుమణి హనుమంతరాయుడు మంద మొత్తం ఒక్కసారే కొంటానన్నాడు, అత్త వినలేదు. ఆరు నెలలు ఇంట్లో ఇదే రభస.

ఇంతలో గిరీశ్ కంపెనీవాళ్ళు బాగా పని చేసినందుకు బహుమతిగా, మైసూరు దాటినాక ఉన్న ఏదో సఫారీ రిసార్టులో ఒక రాత్రి ఉండి రమ్మన్నారు. మా ఆయనకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది.

"అమ్మా, ఒక్క రాత్రి గొర్రెలు లేకుండా పడుకో. నీకు నిద్ర పట్టిందంటే మంద అమ్మేస్తాము, టౌనుకు పోతాము. పట్టలేదంటే నీ ఇష్టం, మళ్ళీ ఆ మాట ఎత్తను."

అత్త పకపకా నవ్వింది. "నాకు యాడ పడ్తాదిరా నిద్ర? సరే పద. మాట మాటే."

ఆమె మాట ఇచ్చిందంటే ఇక తిరుగుండదు. అది నాకూ తెలుసు, అందుకే మీదికి ఏమీ అనకపోయినా లోపల సంతోషించాను. తల్లిని జంతువులకు దూరంగా ఉంచి చూస్తానని జంతువుల మధ్యకే తీసుకుపోతున్న సంగతి మా ఆయన బుర్రకు తట్టలేదు. నాకు తట్టింది. నేను నోరు మెదపలేదు.

గొర్రెలను మామ తమ్ముడు చిన్నరంగప్పకు అప్పగించి బయల్దేరాము. శిరా కూడా రాకముందే అత్త ఫోను తీసింది. నల్లది మేసిందా? కుంటుతున్నది కుంటుతూనే ఉందా? నీళ్ళు పెట్టినావా? తుమకూరు దాటాక చిన్నరంగప్ప ఫోను ఎత్తడం మానేశాడు. అప్పటి నుంచి ఆమె కారులో కూర్చున్నట్టు లేదు. అద్దం దించుతుంది, ఎక్కిస్తుంది. కాళ్ళు ముడుచుకుంటుంది, దించుతుంది. కంబళి మూట ఒళ్ళో పెట్టుకుంటుంది, తీసి పక్కన పెడుతుంది. ధనశ్రీ విసుక్కుని ముందు సీట్లోకి పోయింది.

రిసార్టులో గదులు గుడిసెల్లా కట్టారు. లోపల ఏసీ, గోడంతా అద్దం. అద్దం తలుపు తీస్తే వరండా, దానికి ముందు కంచె, అవతల గడ్డి మైదానంలో జీబ్రాలు, బారెడు కొమ్ముల జింకలు. ధనశ్రీ గంతులు వేసింది. అత్త కంచె పట్టుకుని నిలబడి చాలాసేపు చూసింది. పెదవులు కదులుతున్నాయి. లెక్క పెడుతోందని నాకు అర్థమైంది.

"పొద్దు గూకుతాండాది. ఇవి ఇంకా దొడ్డికి చేరలేదేంది?"

"వాటికి దొడ్డి లేదమ్మా. ఈడనే ఉంటాయి" అన్నాడు గిరీశ్.

"రాత్రికి ఎవురు కాస్తారు?"

"కంచె ఉండాది కదా."

"మన దొడ్డికీ కంప ఉన్నింది కదరా ఆ పొద్దు" అంది అత్త.

భోజనాల దగ్గర ఎన్ని రకాలు పెట్టినా పెరుగన్నం నాలుగు ముద్దలు తిని లేచింది. చివరికి చిన్నరంగప్ప ఫోను ఎత్తాడు. "అన్నీ బాగుండాయి వదినా, నువ్వు నెమ్మదిగా పడుకో" అన్నాడు. ఆ 'నెమ్మదిగా' అన్నమాట కొంచెం సాగింది. అత్త ఫోను పెట్టేసి నా వైపు చూసింది.

"తాగిండాడు. నాకు తెలుసు."

నేను దీపం ఆర్పేశాను. అప్పుడు మొదలైంది. పరుపు దిగిపోతోందని లేచింది. ఏసీ చలి పెడుతోందని లేచింది. ఏసీ ఆపితే ఉక్కపోస్తోందని లేచింది. అద్దం తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసి కంబళితో బయటికి పోయింది. గిరీశ్ గురక పెట్టడం లేదు కాబట్టి ఆయనా మేలుకునే ఉన్నాడని తెలుస్తోంది. నేనైతే మేడ మీద ఇంటిని తలుచుకుంటూ మా పావగడ శనిమహాత్మకు మొక్కుకుంటున్నాను. అత్తకు నిద్ర ఇవ్వమని శనిదేవుణ్ణి అడిగిన కోడలు నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కొంతసేపటికి బయట బూట్ల చప్పుడు అయింది. కంచె వెంట టార్చి వెలుగు కదులుతూ వచ్చింది. కాపలా మనిషి. అత్త గొంతు వినిపించింది, కన్నడంలో.

"ఎచ్చర ఇద్దీయేనప్పా?"

మేలుకునే ఉన్నావా నాయనా అని. ఆ మనిషి ఆగాడు. వరండాలో ఎవరో ముసలామె పడుకుని ఉండడం చూసి ఏమనుకున్నాడో ఏమో.

"ఊఁ" అన్నాడు.

వెలుగు దాటిపోయింది. మళ్ళీ అటు తిరిగి వచ్చినప్పుడు ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ "ఊఁ" అన్నాడు. మూడోసారి బూట్ల చప్పుడు వచ్చినప్పుడు ఆమె అడగలేదు. జింకలు నెమరు వేసే చప్పుడు తప్ప ఏమీ లేదు. నా మొక్కు ఫలించిందని నేనూ కళ్ళు మూసుకున్నాను.

పొద్దున మేము లేచేసరికి ఎండ వచ్చింది. అత్త గుమ్మానికి అడ్డంగా, నోరు కొంచెం తెరిచి, మోకాళ్ళు ముడుచుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. తలుపు తీస్తే ఆమెకు తగులుతుంది, అందుకని అందరం అద్దానికి ఇవతలే నిలబడి చూశాము. గిరీశ్ నా చెయ్యి నొక్కాడు. గది మూలకు పోయి, గొంతు తగ్గించి హనుమంతరాయుడికి ఫోను చేసి, సాయంత్రం బండి తెచ్చుకోమన్నాడు. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. ధనశ్రీ ఆగలేక అద్దం మీద కొట్టింది.

అత్త కళ్ళు తెరిచింది. ఎండ నేరుగా మొహాన పడింది. ఆమె అట్లా లేవడం నేను మళ్ళీ చూడకూడదు. కంబళి కాళ్ళకు చుట్టుకుని పడబోయింది, లేచి కంచె దగ్గరకు పరిగెత్తింది.

"ఎన్ని పోయినాయి? ఎన్ని పోయినాయిరా?"

వేలు చూపిస్తూ జింకలను లెక్క పెట్టింది. మళ్ళీ పెట్టింది. జీబ్రా ఒకటి తలెత్తి ఆమెను చూసింది. అప్పుడు తను ఎక్కడ ఉన్నదీ గుర్తుకు వచ్చి, కంచె వదిలేసి, మా వైపు తిరిగింది. గిరీశ్ తలుపు తీసి బయటికి పోయాడు గాని, ఆమె దగ్గరకు పోలేకపోయాడు.

"అన్నీ ఉండాయి" అంది, ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "పట్టిందిరా నిద్ర. మాట మాటే. రాయునికి చెప్పు, బండి తెచ్చుకోమని."

తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్కసారి కూడా ఫోను తీయలేదు. అద్దం దించలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. పోయేటప్పటి తిప్పలే నయం అనిపించింది నాకు. ఇప్పుడు కుదురు లేనిది గిరీశ్‌కు. గేరు మారుస్తాడు, అద్దంలో తల్లిని చూస్తాడు, హారన్ కొడతాడు, మళ్ళీ చూస్తాడు. శిరా దాటినాక ఉండబట్టలేక అడిగాడు.

"అమ్మా, ఆడ ఎట్ల పట్టింది నిద్ర నీకు?"

"ఊఁ అనేవాడు ఒకడు ఉండాడు కదప్పా."

"ఎవురు?"

"ఆ కాపలా ఆయప్ప. మీ నాయన పోయినాక నేను కేకేస్తే ఊఁ అనిన మనిషి ఆయప్పే."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. గిరీశ్ కొంతదూరం పోయి బండి పక్కకు తీసి ఆపాడు. దిగి రోడ్డు అంచున నిలబడి ఫోను చేశాడు. "బండి తేవద్దు రాయన్నా. అమ్మేది లేదు" అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

నేను దిగి ఆయన మీద పడ్డాను. ఆమే ఒప్పుకుంది కదా, మాట మాటే అని ఆమే అంది కదా, మధ్యలో నీకేమొచ్చింది అన్నాను. బిడ్డ చదువు ఏం కావాలి అన్నాను. ఆయన నా కోపమంతా విన్నాడు.

"కంపెనీవాళ్ళ ప్యానెళ్ళకు ఇన్నేండ్లుగా మేలుకుంటాండాను శిల్పా. మా అమ్మ దొడ్డి ఆడికి కేకేస్తే వినపడేంత దూరం" అన్నాడు.

మేడ మీద ఇల్లు వేరేవాళ్ళు తీసుకున్నారు. నాకు ఆ కోపం పూర్తిగా పోలేదు, పోయిందని చెప్పను. బస్సులో నిలబడి పోయే రోజు మరీ వస్తుంది.

రిసార్టు నుంచి వచ్చిన ఆ రోజు గిరీశ్‌కు సెలవే. ఇంటికి రాగానే గొర్రెలన్నీ ఉన్నాయని చూసుకుని, చిన్నరంగప్పను తిట్టాల్సినంత తిట్టి, అత్త సంగటి తిని కంబళి తీసుకుంది. గిరీశ్ ఆ కంబళి లాక్కుని, దొడ్డి వాకిట్లో పరుచుకుని పడుకున్నాడు. ఆమె కాసేపు కొట్లాడి, చేసేదేమీ లేక లోపలికి వచ్చి నా పక్కన పడుకుంది.

"వానిది మొద్దు నిద్ర. చిన్నప్పటి నుంచీ అంతే. వాడు కాస్తాడా?" అంది.

ఇటు దొర్లింది, అటు దొర్లింది. లేచి కూర్చుంది. "గిరీశా, మేలుకోనుండావా?" అని కేక వేసింది.

"ఊఁ."

కాసేపటికి మళ్ళీ కేక. మళ్ళీ ఊఁ. నా చెవి పక్కనే ఈ కేకలు. ధనశ్రీ దుప్పటి తల మీదికి లాక్కుంది. ఎన్నిసార్లు అరిచిందో చెప్పలేను, ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్కో కేకకూ మధ్య సందు పెద్దదవుతూ వచ్చింది. తర్వాత కేక రాలేదు.

నేను చూరు వైపు చూస్తూ పడుకున్నాను. బయట గొర్రె ఒకటి తుమ్మింది. అప్పుడు దొడ్డి వైపు నుంచి మా ఆయన గొంతు వచ్చింది.

"అమ్మా, మేలుకోనుండావా?"

నేను మేలుకునే ఉన్నాను. నోటిదాకా వచ్చిన ఊఁ ఆపుకున్నాను. ఇంట్లో నుంచి ఎవరూ పలకలేదు.