అక్క వీధి నీళ్లు

అందరూ అతన్ని నీళ్లాయన అనేవారు. మున్సిపాలిటీలో వాల్వులు తిప్పడం అతని ఉద్యోగం. వీధి మొదట్లో ఉన్న గుంతలోకి పొడుగాటి ఇనుప కడ్డీ దించి తిప్పితే ఒక వీధికి నీళ్లు ఆగుతాయి, ఇంకో వీధికి ఎక్కుతాయి. హోటలాయన ఊరికే టీ ఇస్తానన్నా ముట్టేవాడు కాదు. "నీ టీ తాగితే నా చెయ్యి నీ కుళాయి వైపే తిరుగుతుంది" అని మొహం మీదే అనేసేవాడు.

అంత నిక్కచ్చి మనిషీ అక్క దగ్గర మాత్రం పిల్లి. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే మరి. ఆవిడ ఇల్లు పల్లపు వీధిలో, వాల్వుకి ఎదురుగా.

"ఒరే, తొట్టి నిండలేదురా. అప్పుడే కట్టేస్తావా?"

"పై వీధివాళ్లు కాచుకుని ఉంటారక్కా."

"నీ ముక్కు తుడిచింది పై వీధివాళ్లా?"

దాంతో అతని చెయ్యి ఆగిపోయేది. పరాయివాడు ఇస్తేనే లంచమని అతని నమ్మకం. అక్క మాట లంచమెలా అవుతుంది?

ఈ కిటుకు వీధి మొత్తానికి తెలిసిపోయింది. పలకరించని ఆడవాళ్లు కూడా "తమ్ముడూ" అని నోరారా పిలవసాగారు. కొత్తగా అద్దెకు దిగిన టైలరైతే ఏకంగా "బావా" అన్నాడు.

"నేను నీకెప్పుడు బావనయ్యానయ్యా?"

"మీ అక్క నన్ను తమ్ముడంటుందిగా!"

"అలాగైతే మనిద్దరం అన్నదమ్ములమవుతాం."

"ఏదో ఒకటి కానీ బావా, వాల్వు మాత్రం కట్టకు."

పల్లపు వీధిలో స్కూటర్లకు కూడా స్నానాలు. పై వీధి కుళాయిల్లో గాలి తప్ప ఏమీ లేదు.

ఒక పొద్దున పై వీధి నుంచి ఒకావిడ ఖాళీ బకెట్టుతో దిగి వచ్చింది. ఆవిడ మొగుడు మంచాన పడి ఉన్నాడు. ఏడవలేదు, తిట్టలేదు.

"ఆయన పక్కగుడ్డలు నిన్నటి నుంచీ అలాగే ఉన్నాయి బాబూ. నీకేం వరస కావాలో చెప్పు, నేనూ అలాగే పిలుస్తాను" అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. కడ్డీ దించి పల్లపు వీధి కట్టేశాడు.

"ఒరేయ్, సగమైనా నిండలేదురా!" అక్క గుమ్మంలోంచి అరిచింది.

"వేళయిందక్కా."

"ఇక నా గడప తొక్కకు!"

అతను కడ్డీ భుజాన వేసుకున్నాడు. వెళ్లి పై వీధి వాల్వు తిప్పాడు.

సాయంత్రం తన ఇంట్లో పట్టుకున్న నీళ్లే ఒక బిందెడు భుజాన మోసుకెళ్లి అక్క గుమ్మం బయట దించాడు. ఆవిడ బిందె లోపలికి లాక్కుని తలుపేసుకుంది. మర్నాడు కూడా వాల్వు వేళకే కట్టాడు. అక్క పలకరించలేదు. అతని బిందె మాత్రం తళతళా తోమి అరుగు మీద పెట్టి ఉంది.