వంతు తప్పిన రోజు

ముత్తుకూరు దగ్గర ఒక రొయ్యల షెడ్డులో నేను నాలుగేళ్లు పనిచేశాను. తల తుంచడం, పెంకు ఒలవడం, వీపు మీది నల్ల నరం లాగెయ్యడం, మళ్లీ ఐసులో పడెయ్యడం. కిలోకింత అని కూలి. ఆ రొయ్యలు సముద్రం దాటి పోయేవి. తినేవాళ్లను మేం చూడలేదు, మేమున్నామని వాళ్లకు తెలియదు. చలికి, నీళ్లకు వేళ్ల సందులు ఒరుసుకుపోయేవి.

షెడ్డులో చోటు తక్కువ, మా ఊరి ఆడవాళ్లం ఎక్కువ. అందుకని వంతు పెట్టుకున్నాం. ఈరోజు పనికి వెళ్లినామె రేపు ఇంటి దగ్గర ఉంటుంది, ఆమె చోటులో ఇంకొకామె వెళ్తుంది. మేస్త్రీకి కావలసింది చేతులే కాబట్టి ఆయనా ఏమీ అనలేదు. ఎవరూ బాగుపడిపోలేదు, ఎవరి పొయ్యీ ఆరిపోలేదు. ఈ ఏర్పాటు చేసింది మా పక్కింటామె. అత్తా అని పిలిచేదాన్ని. సముద్రంలోకి చేపల వేటకు వెళ్లిన మొగుడు తిరిగి రాలేదు, ఒంటి మనిషి. నాకు ఒలుపు నేర్పింది కూడా ఆమే.

తర్వాత బయటి దేశాల ఆర్డర్లు పెరిగాయి. ఇక అందరికీ రోజూ పని అని సంబరపడ్డాం. మా తెలివి అంతే. పనుందన్న కబురు ఒరిస్సా దాకా పాకింది. బస్సుల్లో ఆడపిల్లలు దిగారు. వాళ్లూ ఆకలికే వచ్చారు, తిట్టడానికి నోరు రాలేదు. గేటు దగ్గర జనం పెరిగేకొద్దీ కిలో కూలి తగ్గింది. రొయ్యల చెరువుల ఆసాములు మాత్రం మేడ మీద మేడ వేశారు.

ఒక ఉదయం మేస్త్రీ మా ముందు గడియారం పెట్టాడు.

"ఇంక వంతులూ గింతులూ లేవు. ఎవురు తొందరగా ఒలుస్తారో వాళ్లకే రోజూ పని."

ట్రేలు సర్దుకుంటుంటే అత్త గొంతు తగ్గించి చెప్పింది.

"అందరం ఒకే నిదానంగా ఒలుద్దాం మే. అప్పుడు ఎవుర్ని తీసేస్తాడు?"

మా ఊరివాళ్లం అందరం సరేనన్నాం. నేనూ అన్నాను.

మొదట్లో నిదానంగానే ఒలిచాను. ఎదురుగా ఒరిస్సా పిల్ల చేతులు చకచకా ఆడుతున్నాయి. నా కూతురి కాలేజీ గుర్తొచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటాను, కానీ అది సగమే నిజం. నాకంటే బాగా ఒలిచేదెవరన్న పొగరు మిగతా సగం. నా వేళ్లు పరుగందుకున్నాయి. నన్ను చూసి పక్కామె, ఆమెను చూసి మరొకామె. ఎవరికి వారే యమునా తీరే. అత్త ఒక్కతే మాట మీద నిలబడింది. ఆమె ట్రే సగం కూడా నిండలేదు.

నాకు పని దొరికింది, అత్తకు పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. రోజూ పొద్దున్నే గేటు బయట నిలబడేది, ఎవరైనా రాకపోతే పిలుస్తారేమోనని.

పది రోజులకు మనసు ఊరుకోక మేస్త్రీని అడిగాను.

"సార్, వారంలో రెండు రోజులు నా చోటు ఆమెకి ఇయ్యండి."

ఆయన కోప్పడలేదు. గేటు వైపు చెయ్యి చూపించాడు.

"ఆడ ఎంతమందుండారో చూడమ్మా. నీకు చోటు వద్దంటే చెప్పు, ఇప్పుడే ఇంకొకర్ని పిలుస్తా. ఆమెని మాత్రం కాదు."

గేటు ఊచల అవతల నుంచి అత్త మమ్మల్నే చూస్తోంది. తన గురించే అడుగుతున్నానని తెలిసినట్టుంది. కొంగు సర్దుకుని ఒక అడుగు ముందుకేసింది.

"నేనే చేస్తాలే సార్" అని లోపలికి వెళ్లి గ్లౌజులు తొడుక్కున్నాను.