చెల్లి మెట్ల మీంచి పడలేదు

మొన్న ఆదివారం పేపర్లో ఒక చిన్న వార్త చూసి కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. మన వైజాగ్‌లోనే ఒక మెడికల్ కాలేజీలో, అరుదైన జబ్బుల మీద పరిశోధన కోసం, ఎవరో పెద్దాయన చనిపోయిన తన కూతురి పేరున ఒక ప్రొఫెసర్ పదవి శాశ్వతంగా పెట్టించారట. ఆయనిచ్చిన నిధి మీద వచ్చే రాబడితో అది ఎప్పటికీ నడుస్తుందట. ఆ పదవిలోకి వచ్చిన డాక్టరమ్మ, అలాంటి జబ్బున్న పిల్లలతో పాటు ఇంట్లో పెద్దవాళ్లని కూడా రమ్మన్నారు. మా అమ్మాయి అది చదివి, నువ్వూ రావాలమ్మా అంది. నాకు వెళ్లాలని లేదు.

ఎందుకో చెప్పాలంటే పోర్టు క్వార్టర్స్‌లో గడిచిన మా చిన్నతనంలోకి వెళ్లాలి. నాన్న పోర్టులో క్రేను నడిపేవారు. మాది మేడ మీద వాటా. నాకంటే నాలుగేళ్లు చిన్నది మా చెల్లి. ఓడ కూత విని అది వచ్చేదో వెళ్లేదో చెప్పేసేది, తప్పితే మా అందరి మీదా అలిగేది, అంత పొగరు దానికి. ఎనిమిదో ఏట నుంచి ఆ పిల్ల నేల మీంచి లేవాలంటే ముందు మోకాళ్ల మీద, తరవాత తొడల మీద చేతులు ఆనించుకుంటూ మెల్లగా లేచేది. ముసలమ్మా అని ఏడిపించేవాళ్లం, మా నోళ్లు పడిపోను.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఇదేం జబ్బో అంతుపట్టడం లేదనీ, మీ ఇళ్లల్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అనీ అడిగారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏటీ నేదు డాట్రుబావూ, మెట్ల మీంచి పడిపోనాది."

నాకు తెలుసు. అమ్మమ్మగారింట్లో వెనక గదిలో మంచం పట్టి పోయిన చిన్న మావయ్య కూడా అలాగే లేచేవాడు. కానీ పెళ్లి కావలసిన నేనూ అన్నయ్యా ఉన్నాం, వంశంలో జబ్బుందన్న మాట పొక్కితే సంబంధాలు రావని అమ్మ భయం. చెల్లి ఇరవై నిండకుండానే వెళ్లిపోయింది. మెట్ల మాట మిగిలింది. వాడకీ చుట్టాలకీ చెప్పి చెప్పి, ఏ మెట్టు మీద జారిందో కూడా చూసినట్టే చెప్పేవాళ్లం.

అమ్మా నాన్నా మేనరికమే. తరవాత మా అమ్మాయిని మా అన్నయ్య కొడుక్కే ఇచ్చి చేశాం. మేనరికాలు వద్దని డాక్టర్లు టీవీల్లో మొత్తుకుంటున్న రోజులే అవి. పెళ్లిమాటలనాడు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మనలో మనమైతే అడిగేవాళ్లుండరని ధీమా, ఇంకేముంది! పోయిన ఏడాది బీచ్‌లో ఇసుక గూళ్లు కట్టుకుంటున్న మా ఏడేళ్ల మనవరాలు లేవబోయి తొడల మీద చేతులు ఆనించింది. అంతమందిలో అదేమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజు నుంచీ ఆ పిల్ల కూర్చుంటే చాలు నాకు భయం, మళ్లీ లేవాలి కదా అని.

ఎన్ని ఆసుపత్రులు తిప్పినా ఏ జబ్బో తేలక, నిన్న మనవరాలితో ఆ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. అదే ప్రశ్న.

"ఎవరికీ లేదండీ. మా పిన్ని ఒకావిడ చిన్నప్పుడు మెట్ల మీంచి పడిపోయింది, అంతే," అంది మా అమ్మాయి. నేను నేర్పిన మాటే. నాకు తెలియకుండానే నా చెయ్యి వెళ్లి దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. అచ్చం అమ్మలాగే. చటుక్కున వదిలేశాను.

పడలేదమ్మా, అన్నాను. మిగతాదంతా ఎలా చెప్పానో నాకే తెలియదు. డాక్టరమ్మ విసుక్కోకుండా మావయ్య దగ్గర నుంచి ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. మా అమ్మాయి మాత్రం, "నీకు తెలుసా అమ్మా?" అని ఒక్క మాటే అడిగింది.

మన కాలంలో డాక్టరు ఒకసారి అడిగి ఊరుకునేవారు. ఇప్పుడు అడగడానికే ఒక మనిషిని కూర్చోబెట్టారు, ఎవరో ఒక తండ్రి తన బిడ్డను పోగొట్టుకుని. మేం పోగొట్టుకుని ఏం చేశాం, దాచాం. చెల్లి ఫొటో ఉంటే తెమ్మన్నారు డాక్టరమ్మ. పొద్దున్నుంచీ పెట్టె అంతా వెతికితే ఒక్కటే దొరికింది. అందులో చెల్లి నవ్వుతూ నిటారుగా నిలబడి ఉంది. నాకు గుర్తే, వెనక నుంచి అమ్మ పట్టుకుని ఉంది, చెయ్యి ఫొటోలో పడకుండా.