మ్యూజియంలో మా నాయన

మా నాయన మద్రాసుకు వచ్చినది నన్ను ఊరికి తోడుకొని పోవడానికే. ఆ మాట నోటితో అనలేదు గానీ, శనివారం పొద్దున్నే హాస్టలు గేటు కాడ ఉత్త చేతులతో నిలబడి ఉంటే నాకు తెలిసిపోయింది. ఎప్పుడు వచ్చినా అమ్మ కట్టిచ్చిన మూట ఒకటి చేతిలో ఉండేది.

అప్పుడు నేను బీఏ చరిత్ర రెండో సంవత్సరం. తమిళనాడు ధర్మపురి జిల్లాలో, కారిమంగళం పక్కన మా పల్లె నుంచి చదువుకని అంత దూరం పోయిన మొదటి ఆడపిల్లను నేనే. మా టీచరమ్మ శనివారమైతే మమ్మల్ని క్లాసులో కూర్చోనిచ్చేది కాదు. "పోయి చూసి రాసుకొని రండి" అని తరిమేది. మ్యూజియం, చిత్రాల ప్రదర్శనలు, సాయంత్రమైతే సంగీత సభల్లో నాట్యం. కాలేజీ కార్డు చూపిస్తే చాలాచోట్ల ఊరికే లోపలికి వదిలేవాళ్లు. ఏడాదికొకసారి ఊళ్లో ఆడే వీధికూత్తు నాటకం తప్ప ఇంకేమీ చూడని నాకు ఆ శనివారాలంటే ప్రాణం.

ఒక శనివారం చిత్రశాల మెట్ల మీద ఆడపిల్లలం, మగపిల్లలం కూర్చొని బొమ్మలు గీసుకుంటా ఉంటే, మా ఊరి మామిడికాయల వ్యాపారి చూసినాడంట. సంతలో మా నాయన కనపడగానే, "ఏమన్నా, పాప చదువుతా ఉందా, ఊరు తిరుగుతా ఉందా?" అని నలుగురిలో అడిగినాడంట. ఇదంతా తర్వాత అమ్మ చెప్పింది.

"ఈ దినం క్లాసు ఉందా?" అన్నాడు నాయన.

"లేదు నాయనా. మ్యూజియంకు పోవాల."

"సరే పద. నేనూ వస్తా."

బస్టాపులో మా క్లాసు వాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. నాయన ఆ అబ్బాయిని ఒకసారి చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బస్సులో ఆ అబ్బాయి లేచి సీటిస్తే కూర్చున్నాడు గానీ దారి పొడుగునా కిటికీ బయటికే చూస్తా ఉన్నాడు.

మ్యూజియంలో కంచు విగ్రహాల ముందర నిలబడి, "ఇవన్నీ చూస్తే ఉద్యోగమిస్తారా?" అన్నాడు. నేను తల వంచుకొని రాసుకుంటా కూర్చున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే ఆయన లేడు.

పక్క గదిలో లేడు. తిమింగిలం ఎముకల గదిలో లేడు. గేటు దాకా పరిగెత్తినాను. రోడ్డు మీద బస్సులు, ఆటోలు, జనం. మా నాయన కాడ ఫోను లేదు, ఆ రోడ్డు దాటడమే ఆయనకు భయం. కోపంతో ఒక్కడే బస్టాండుకు పోయినాడేమో అని వెనక్కి పరిగెత్తి మా క్లాసు వాళ్లకు చెప్పినాను. ముగ్గురూ మూడు దిక్కులా వెతకడానికి పోయినారు. చివరికి ఆ అబ్బాయే పరిగెత్తుకొని వచ్చి, "మీ నాన్న వెనక వరండాలో ఉన్నారు, రా" అన్నాడు తమిళంలో.

వరండాలో రాతి పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని ముందర మా నాయన చెప్పులు పక్కన విడిచి, నేల మీద కూర్చొని ఉన్నాడు. కావలాయన కొంచెం దూరంలో ఏమనాలో తోచక చూస్తా ఉన్నాడు.

"నాయనా! చెప్పకుండా వచ్చేస్తావా? ఎంత భయపడినానో తెల్సునా?" నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇది మన వేడియప్పన్ కదమ్మా," అన్నాడు.

మా పక్క చేలగట్ల మీద ఇట్లాంటి రాళ్లకు పసుపు పూసి, వేడియప్పన్ సామి అని మొక్కుతారు. మా చేనులోనూ ఒకటుంది. పసుపు కింద ఏముందో ఎవరమూ చూడలేదు. ఇక్కడ రాయి కడిగినట్టుంది. ఒక చేత్తో విల్లు, ఒక చేత్తో కత్తి పట్టుకున్న మగవాడు, కాళ్ల కాడ ఆవులు, పైన పాత అక్షరాలు. పక్కనున్న బోర్డు మీద ధర్మపురి పక్కనుంచి తెచ్చినదని రాసుంది.

"ఆ పైన రాసిందాన్ని చదువుతావా నువ్వు?"

"ఇప్పుడే నేర్చుకుంటా ఉన్నా నాయనా. పాత తమిళ అక్షరాలు. అన్నీ రావు."

"వచ్చినంత చదువు."

రాయిని తాకకుండా వేలు చూపిస్తా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. నడుమ ఆగిపోతే వెనక నిలబడిన మా క్లాసు అమ్మాయి అందించింది. "ఊరి ఆవుల్ని దొంగలు తోలుకొని పోతా ఉంటే అడ్డం పోయి చచ్చిపోయినాడంట నాయనా. ఆయన కోసం నాటిన రాయి ఇది."

నాయన ముందుకు వంగి ఆ అక్షరాల్ని దగ్గరగా చూసినాడు. నేను ఆయన ముఖాన్నే చూస్తా ఉన్నాను.

"మన రాయి మీద కూడా రాసుంటుందా?"

"పసుపు కడిగి చూస్తే తెలుస్తుంది."

"కడిగితే మీ అవ్వ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను.

ఆ తర్వాత ఆయనే ముందర నడిచినాడు. ప్రతి రాయి కాడా ఆగి, "ఇది చదువు" అన్నాడు. బయటికి వచ్చేటప్పుడు ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి, "మీది ఏ ఊరు తంబీ?" అని తమిళంలో అడిగినాడు.

సాయంత్రం కోయంబేడు బస్టాండులో బస్సెక్కబోతా, "నిన్ను తోడుకొని పోదామనే వచ్చినా," అన్నాడు.

"తెలుసు నాయనా."

"వచ్చే శనివారం ఎక్కడికి పోతారు?"

"నాట్యం చూడ్డానికి."

"నలుగురూ కలిసే పోండి. కలిసే రండి," అని కిటికీ పక్కన కూర్చున్నాడు.

బస్సు మలుపు తిరిగినాక హాస్టలుకు వచ్చి భోజనానికి కూర్చున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. సాంబారన్నం మళ్లీ పెట్టించుకొని కడుపునిండా తిన్నాను.