గడప పెట్టనివ్వని మేస్త్రి

శుక్రవారం తెల్లవారగానే గడపకు పసుపు పూస్తున్నాను. ఎదురింటి తలుపు తెరుచుకుని పెద్ద మేస్త్రి గారి కూతురు బయటికొచ్చింది. వీధి మధ్యలో నిలబడి, "అక్కా, మా నాయన పోయినాడక్కా" అంది. నిద్రలోనే పోయాడట. రాత్రి రొట్టె తిన్నాడట, మా ఇంటి వైపు చూసి "లైటు ఆపలేదు వాళ్లు" అన్నాడట, పడుకున్నాడట. పసుపు చేతులతోనే వెళ్లి ఆ పిల్లను పట్టుకున్నాను. పిల్ల అంటున్నాను గానీ, ఆమెకూ నలభై దాటాయి.

ఆయన్ను మీరెరగరు. నంద్యాలలో ఆయన కట్టిన ఇళ్లలో కాపురం చేస్తున్నవాళ్లకే చాలామందికి తెలియదు. ఇల్లు ఎవరిదని అడుగుతాం గానీ, ఎవరు కట్టారని ఎవరడుగుతారు? నిజానికి మా ఇల్లు ఆయన కట్టింది కాదు. మేం వచ్చేసరికే తాపీ పక్కన పెట్టి పదేళ్లయింది. అయినా పెన్సిల్ మాత్రం చెవి మీద అట్లాగే ఉండేది. ఎవరింటికి పోయినా ముందు గోడను వేళ్లతో రెండుసార్లు తట్టి, తర్వాత మనుషుల్ని పలకరించేవాడు.

మా ఆయన బస్సు కండక్టరు. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య తిరిగీ తిరిగీ సగం జీవితం గడిపాడు. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. అప్పుడు మేం అద్దెకుండేది మేడ మీద పోర్షన్‌లో. పద్దెనిమిది మెట్లు. నలుగురు మగవాళ్లు దొరికి కుర్చీతో ఎత్తితే తప్ప దిగలేడు. ఆసుపత్రికి తప్ప దించిందీ లేదు. పొద్దస్తమానం జనంలో మసిలిన మనిషి కిటికీ పక్కన కూర్చుని వీధిని చూసేవాడు. "ఏమీ వద్దే. ఒగసారి నా అంతట నేను వీధిలోకి పోవాల, అంతే" అనేవాడు. మేం ఇల్లు మొదలుపెట్టింది అందుకే. కిందనే రెండు గదులు, వాకిట్లో మెట్లకు బదులు వాలు, చక్రాల కుర్చీ పట్టే తలుపులు. ఆరు నెలల్లో తాళం చేతికిస్తానన్నాడు బిల్డరు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నా పెళ్లి ఒక్క పూటలో అయిపోయింది! ఇల్లు మాత్రం ఏడాదైనా కిటికీల ఎత్తు దాటలేదు. మా బిల్డరుకు ఆళ్లగడ్డలో ఇంకో ఇల్లు నడుస్తుండేది. మనుషులందరినీ అక్కడికి తోలేవాడు. ఫోన్ చేస్తే, "వస్తాండాక్కా, శిరివెళ్ల దాటినా" అనేవాడు. పక్కనుంచి మా ఆయన గడియారం చూసేవాడు. "శిరివెళ్ల దాటింటే ఈ పాటికి ఈడ ఉండాల. వాడు ఇంకా ఆళ్లగడ్డలో టీ తాగుతాండాడు" అనేవాడు. ఎన్ని అబద్ధాలు పట్టుకుంటే ఏం లాభం, గోడ లేస్తుందా?

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకరోజు స్థలం దగ్గర నిలబడి, ఫోన్లో బిల్డరును వాడి ఏడు తరాలతో సహా తిట్టిపోశాను. ఎదురింటి అరుగు మీద లుంగీ కట్టుకుని ఒక పెద్దాయన సాసర్లో టీ ఊదుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక, "ఒగ మాట చెప్తా వింటావా మా?" అన్నాడు. ఆయన ప్రతి మాటకూ అదే మొదలు.

"తిడితే వాడు ఫోన్ ఎత్తడు. ఎప్పుడొస్తావని అడిగితే రేపంటాడు. మేస్త్రి మాట, మబ్బు నీడ, రెండూ నమ్మొద్దు. నేనూ మేస్త్రినే, నా మాటా నమ్మొద్దు. నువ్వు అడగాల్సింది ఎప్పుడని కాదు. రేపేం పని, ఎంతమంది వస్తారు, ఏం సామాను తక్కువుండాది అని అడుగు. ఇసుక లేదంటే ఇసుక తోలిచ్చు. ఇంగ వాడికి సాకు యాడుంటాది?"

"అడిగినా రాకుంటే?"

"ఈడ కుర్చీ ఏసుకోని కూర్చో. మనిషి కనపడే ఇల్లు తొందరగా లేస్తాది."

కుర్చీ వేసుకుని కూర్చుంటే నాకు పూట గడవదు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. అందుకే మిషన్నే మోయించుకొచ్చి, సిమెంటు బస్తాలు దాచే రేకుల పాకలో పెట్టుకున్నాను. మేడ మీద మా ఆయనకు మధ్యాహ్నం దాకా మా చెల్లెలు తోడుండేది. పనికి వచ్చిన ఇద్దరు ముగ్గురి చొక్కాలు చిరిగి ఉంటే ఊరికే కుట్టిచ్చాను. నాలుగు రోజులకు ఆరుగురు వచ్చారు. "ఏందక్కా, మా మనుషులు ఆళ్లగడ్డకు రామంటాండారు!" అని బిల్డరే ఫోన్ చేశాడు. ఎదురుగా పెద్ద మేస్త్రి బోసి నోటితో నవ్వుతున్నాడు.

అప్పటి నుంచి ఆయన్ను మామా అని పిలిచాను. పని లేని రోజుల్లో పొద్దునా సాయంత్రం గోడలకు నీళ్లు పట్టేవాడు. "పని ఆగినా నీళ్లు ఆగొద్దు మా, గోడ పగులుతాది" అని గొణుక్కుంటూ. శనగ విత్తే కాలంలో కూలీలంతా కోయిలకుంట్ల వైపు పొలాలకు పోయారు. నేను మళ్లీ బిల్డరు మీదికి లేచాను. "ఇది వాని తప్పు కాదులే. నల్లరేగడి పదునారిపోతే మళ్లీ వస్తాదా? తిట్టేటప్పుడు కూడా న్యాయంగా తిట్టాల" అన్నాడు. అలా పదిహేను రోజులు నోరు కట్టుకున్నాను. అంత కష్టం నేను జన్మలో పడలేదు.

చివరికి పైకప్పు పడింది, పూత అయింది. సింహద్వారానికి రాతి గడప పెట్టడమే మిగిలింది. దాని కోసం ద్వారబంధం కింద చోటు వదిలి ఉంచాం. ఆళ్లగడ్డలో శిల్పం చెక్కేవాళ్ల దగ్గర నేనే స్వయంగా చెప్పి చేయించాను. నల్లరాయి, మధ్యలో తామరపువ్వు, మా పుట్టింటి గడపంత ఎత్తు. ముహూర్తం పెట్టించాను. వారం తిరిగేలోపు గృహప్రవేశం.

ఆ రోజు పసుపు, కుంకుమ, పూలు పట్టుకుని పోతే, రాయి ద్వారంలో ఉత్తినే దించి ఉంది. సిమెంటు లేదు, మనుషులు లేరు. బిల్డరుకు ఫోన్ చేస్తే, "నేను వచ్చినాక్కా. పెద్ద మేస్త్రే ఈ పొద్దు పెట్టొద్దని పంపించేసినాడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాదిన్నర ఎదురుచూపు, పద్దెనిమిది మెట్లు, కిటికీ పక్కన మా ఆయన మొహం, అన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చాయి. "నువ్వూ మేస్త్రివే కదా మామా! ఒకరి ఇల్లు ఆపడం మీకు అలవాటే!" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. మాట మాత్రం పెంచలేదు.

"ఒగ మాట. ఆ కుర్చీ తీసుకురా మా."

తలుపుల కొలత కోసం చక్రాల కుర్చీ ముందే తెచ్చి పెట్టి ఉంది. ఆయన అందులో కూర్చున్నాడు. "నెట్టు" అన్నాడు. వాలు మీదుగా తోశాను. ముందు చక్రాలు గడపకు తగిలి ఆగిపోయాయి. "ఇంకా గట్టిగా నెట్టు." నెట్టాను. కుర్చీ కదల్లేదు, ఆయనే ముందుకు తూలాడు.

"దినానికి పది సార్లు ఎవరెత్తుతారు మా?"

అక్కడే వాలు మీద కూలబడి ఏడ్చాను. తలుపుల వెడల్పు కొలిచాను, వాలు కొలిచాను, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ కూడా రాసిచ్చాను. గడప మాత్రం గడపలాగే ఉండాలనుకున్నాను. గడపకు ఎత్తు ఉంటుంది కాబట్టి ఉంది, అంతే. దాని గురించి ఆలోచించాలని కూడా తోచలేదు. ఏ గడప దాటించడానికి ఇల్లు కట్టానో ఆ గడపే మా ఆయనకు అడ్డం పెట్టబోయాను!

"నాకూ పొద్దున రాయి దిగినాకే తెలిసింది" అన్నాడు ఆయన, తప్పు తనదైనట్టు. "నువ్వొచ్చేలోపల సిమెంటు పెట్టేస్తారని భయపడి పంపించేసినా."

మర్నాడు ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. నేలతో సమంగా ఉండే గడప కావాలంటే చెక్కే అతను ఉలి కింద పెట్టాడు. "గడపను తొక్కకూడదంటారు కదా. ఇది ఎత్తు లేకుంటే తొక్కుతారే! నన్ను తిట్టరా?" అని నా వైపు చూశాడు. నాకూ అదే గుబులు. లక్ష్మి ఉండేచోటు అంటారు.

పెద్ద మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కాలు పెట్టొద్దన్నారు గానీ, చక్రం పెట్టొద్దని మీ పెద్దోళ్లు యాడన్నా చెప్పినారా అప్పా?"

అతను పకపకా నవ్వాడు. పది రోజులు పడుతుందన్నాడు. ఇంకో ఆలస్యం! ఈసారి నేను తిట్టలేదు. "ఇప్పుడు నీ చేతిలో ఏం పనుంది? రాయి ఉందా?" అని మాత్రం అడిగాను. మామ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

తిరుగు బస్సులో, శిరివెళ్ల దగ్గర అనుకుంటా, ఆయన కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "నువ్వన్నది నిజమే మా. వయసులో ఉన్నప్పుడు ఒగేసారి అయిదిండ్లు ఒప్పుకున్యా. అందరికీ రేపనే చెప్పినా. ఒగ ముసలామె, సొంతింట్లో ఒగ పూట పొయ్యి వెలిగిస్తే చాలనేది. నేను రేపు రేపంటానే ఉండా, ఆమె పోయింది. ఆ ఇంటి పొయ్యి ఇప్పటికీ నా కండ్లల్లో ఉంటాది." నా నోటిని కోసి పారేయాలనిపించింది.

క్షమించు మామా అని అడగాలనుకుంటూనే రోజులు గడిపేశాను. రంజాన్‌కు తెల్ల జుబ్బా కుట్టిచ్చాను. కాలరు బిగువుందని పదిమంది ముందు వంక పెట్టి, పండగనాడు అదే వేసుకొచ్చాడు. అడగకపోయినా ఆయనకు అర్థమయిందని నా మనసుకు నేనే చెప్పుకుంటున్నాను.

కొత్త గడపను ఆయనే పెట్టాడు. చేతులు వణుకుతున్నా తాపీ ఎవరికీ ఇవ్వలేదు. బిల్డరు పక్కన కూర్చుని సిమెంటు అందించాడు. పెట్టాక గ్లాసుడు నీళ్లు పోసి, నీళ్లు లోపలికి రాకుండా బయటికి జారేదాకా కదల్లేదు. గృహప్రవేశం రోజు మా ఆయన ఎడమ చేత్తో చక్రం తిప్పుకుంటూ, ఎడమ కాలితో నేలను తన్నుకుంటూ, తామరపువ్వు మీదుగా లోపలికి వచ్చాడు. అక్కడే వెనక్కి తిప్పుకుని మళ్లీ బయటికి పోయాడు. మళ్లీ లోపలికి వచ్చాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో! నేను వద్దనలేదు. మామ అరుగు మీద కూర్చుని టీ చల్లారబెట్టుకుంటున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు, ప్రతి సాయంత్రం ఆయన మా వాకిట్లోకి వచ్చేవాడు. గోడ తట్టి, మా ఆయన పక్కన కూర్చుని, పాత బస్సుల గురించి, పాత ఇళ్ల గురించి మాట్లాడేవాడు. ఎప్పుడూ ఆయనే వచ్చేవాడు. మా ఆయన వీధి చివరిదాకా తిరిగాడు గానీ, ఎదురింటికి పోవాల్సిన అవసరమే రాలేదు.

మొన్న శుక్రవారం నేను ఆ పిల్లను పట్టుకుని ఏడుస్తుంటే, వెనక చక్రాల చప్పుడు వినిపించింది. మా ఆయన నిద్ర లేచి, తనంతట తాను కుర్చీలోకి జరిగి, బయటికి వస్తున్నాడు. సాయం పట్టబోతే ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకా ఆరని పసుపు మీదుగా గడప దాటాడు. వాలు దిగాడు. ఒక చేత్తో తిప్పే కుర్చీ కదా, ఒక పక్కకు లాగుతుంది, సరిచేసుకుంటూ వీధి దాటాడు. మేస్త్రి ఇంటి గడప పాతకాలంది, జానెడు ఎత్తు. దాని దగ్గర ఆగి, వంగి, ఎడమ చేత్తో ఆ గడపను తాకి, "మామా, వచ్చినా" అన్నాడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోయారు. నేను ఆ పూట వాకిలి కడగలేదు. ఎండకు ఆరిన రెండు పసుపు గీతలు మా గడప నుంచి బయల్దేరి, వంకర పోయి, మళ్లీ సర్దుకుని, వీధి అవతల ఆయన గడప దగ్గర ఆగి ఉన్నాయి.