పుస్తకాలకు సంతాపం

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ చర్చిలో ప్రార్థన చేసే గొంతుతోనే మాట్లాడేవారు. నేనొక్కదాన్నే అరిచేదాన్ని. అలాంటి నేను బన్సీలాల్‌పేట్ దగ్గర ఒక చిన్న గ్రంథాలయంలో, అంటే నోరెత్తకూడని చోట, సహాయకురాలిగా కుదిరాను. అక్కడి గ్రంథపాలకుడు తెలుగు మాట్లాడే ముసల్మాను. పేటంతా ఆయన్ని లైబ్రరీ సాబ్ అని పిలిచేది. నాకు పని నేర్పింది ఆయనే. నేను గొంతు పెంచినప్పుడల్లా "జెర నిమ్మళం బిడ్డా" అనేవాడు.

సాబ్‌కు ఒక పట్టింపు ఉండేది. కర్ర గాని, గొడుగు గాని, సంచి గాని గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి, చెక్క బిళ్ళ తీసుకుని లోపలికి రావాలి. ఎంతటివాడైనా సరే. నిజాం రోజుల చివర్లో రజాకార్లు తెలుగు పత్రికల కోసం మా మీదికొచ్చినప్పుడు వాళ్ళనూ గుమ్మంలోనే ఆపాడు. కర్రలు ఇక్కడ పెట్టి లోపలికి పొమ్మన్నాడు. ముసల్మానువై ఉండి మమ్మల్ని ఆపుతావా అని ఒకడు ఉర్దూలో తిట్టి చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డంలోకి కారుతున్నా, బిళ్ళలు పట్టుకున్న చెయ్యి మాత్రం సాబ్ దించలేదు. ఏమనుకున్నారో ఏమో, కొందరు కర్రలు పెట్టేసి బిళ్ళలు తీసుకున్నారు. పత్రికలు చింపి వీధిలో పారేసి వెళ్ళారు గాని అల్మారాలు ముట్టుకోలేదు. అప్పటినుంచి ఆయనకు ఆ పద్ధతి మీద నమ్మకం మరీ ముదిరింది.

తర్వాత పోలీస్ యాక్షన్ జరిగింది. సైన్యం సికింద్రాబాద్‌లోకి వచ్చిన రోజు మా వీధిలో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను. రజాకార్ల పీడ పోయిందని అందరిలాగే సంతోషించాను. సాబ్ మాత్రం టోపీ జేబులో పెట్టుకుని పనికి రావడం మొదలుపెట్టాడు. ఎందుకని నేను అడగలేదు.

కొద్దిరోజులకే, పట్టపగలు, ఇంకో గుంపు వచ్చింది. ఈసారి ఉర్దూ పుస్తకాల కోసం. "లోపలికి రాకండి" అని నేను అరిచేలోపే సాబ్ లేచి గుమ్మంలోకి వెళ్ళి, అలవాటు ప్రకారం బిళ్ళలు చేతిలోకి తీసుకున్నాడు.

"కర్రలు ఈడ పెట్టి లోపలికి పోండ్రి."

గుంపులో ముందున్నది బట్టల దుకాణం గుమాస్తా. రోజూ పొద్దున్నే పేపరు కోసం వచ్చేవాడు. అతను కూడా అలవాటు ప్రకారమే కర్ర బల్ల మీద పెట్టాడు, బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాడు, నేరుగా ఉర్దూ అల్మారా దగ్గరికి పోయి పుస్తకాలు కిందికి లాగడం మొదలుపెట్టాడు. వెనకున్నవాడు బల్ల మీది ఆ కర్రనే అందుకున్నాడు. సాబ్ కుడిచేతిని బల్లకు అదిమిపెట్టి దానితోనే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆయన కింద పడ్డాడు. పడ్డవాణ్ణి కూడా కొట్టారు, అదే చేతి మీద, మళ్ళీ మళ్ళీ.

నేను సిరాబుడ్డి విసిరాను. అది ఒకడి నుదుటికి తగిలి పగిలింది. ఇంకెవరో నా జుట్టు పట్టి గోడకేసి గుద్దారు. వాడి మణికట్టు కొరికాను. నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చింది. నాకు అసహ్యం వెయ్యలేదు, ఇంకా గట్టిగా కొరకాలనిపించింది. ఈలోపు వీధిలో మంట లేచింది. ఉర్దూ అక్షరం కనిపించిన ప్రతిదీ అందులో వేశారు. లెక్కల పుస్తకాలు, వైద్య పుస్తకాలు, మా పాస్టరుగారు ఇచ్చిన ఉర్దూ బైబిలు కూడా కాలిపోయాయి. చదవడం వచ్చినవాడు ఆ గుంపులో గుమాస్తా ఒక్కడే. అన్నిటికంటే ఎక్కువ మోసినవాడూ అతనే.

సాబ్ బతికాడు. చెయ్యి మాత్రం మళ్ళీ పనికి రాలేదు. గ్రంథాలయం కమిటీ ఆయన్ని తీసెయ్యాలని కూర్చుంది. "ఆ చేత్తో ఏం రాస్తాడమ్మా? పైగా ఆయన ఇక్కడుంటే మళ్ళీ గొడవలు" అని కార్యదర్శి నీళ్ళు నమిలాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను రాస్తాను, ఆయన చెబుతాడు, ఇద్దరం కలిసి నడుపుతామన్నాను. చివరికి కార్యదర్శి ఒక దారి చూపించాడు. దేశంలోని గ్రంథపాలకులందరికీ కలిపి ఒక సంఘం ఉండేది. అందులో సభ్యుడైన సాబ్, పట్టుబట్టి నన్నూ చేర్పించాడు. "మనం ఒంటరోళ్ళం కాదు బిడ్డా, మనకొక బిరాదరీ ఉన్నది" అనేవాడు. ఆ సంఘమంటే కార్యదర్శికీ గురి. కొలువులో ఉండగా దెబ్బలు తిన్న మనిషిని తియ్యొద్దని సంఘం ఒక్క మాట రాస్తే, కమిటీ కాదనదన్నాడు.

ఆ ఒక్క మాట కోసం నేను రైలెక్కి సంఘం మహాసభకు వెళ్ళాను. నా నుదుటి మీద గాయం ఇంకా మానలేదు. పెద్ద హాలు, పెద్ద తలపాగాలు, కోట్లు. పుస్తకాలను ఏ పద్ధతిలో వర్గీకరించాలన్న దాని మీద పూటంతా వాదించుకున్నారు. నా వంతు వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పేరు, ఊరు, విరిగిన చెయ్యి, అన్నీ చెప్పాను. అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకుని, చాలా బాధాకరమన్నాడు. అయితే సంఘం పుస్తకాల కోసం ఉందనీ, రాజకీయాల్లోకి దిగదనీ అన్నాడు.

"పుస్తకాలు వాటంతట అవే అల్మారాలోకి ఎక్కుతాయా?" అని అరిచాను. బల్ల మీద పిడికిలితో గుద్దితే మంచినీళ్ళ గ్లాసు దొర్లి ఆయన కాగితాల మీద పడింది. "చెయ్యి విరిగినవాడు మీ సభ్యుడు! అతని కోసం నోరు విప్పనప్పుడు ఇంక మీ సంఘం ఎందుకు?"

వెనక వరసల్లోంచి ఒకరిద్దరు నాకు వత్తాసు పలికారు. ముందు వరసలు కదల్లేదు. సాయంత్రానికి తీర్మానం వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో విలువైన గ్రంథాలు నశించినందుకు సంఘం సంతాపం తెలిపింది. అంతే. మనిషి మాటే లేదు. ఆ కాగితం పట్టుకుని తిరుగు రైల్లో దారంతా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

సాబ్ అప్పటికి మల్కాజ్‌గిరిలో కూతురింట్లో ఉంటున్నాడు. తలుపు తట్టాను. లోపలి మాటలు ఆగిపోయాయి. నా పేరు చెప్పి, ఒంటరిగానే వచ్చానని చెప్పాకే గడియ తీశారు. చెయ్యి మెడకు వేలాడదీసుకుని ఆయన గోడవార కూర్చున్నాడు. నేను నిలబడే, రొప్పుతూ, మహాసభలో జరిగిందంతా తిట్లతో సహా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"గా కాగితంల నా పేరు రాసిండ్రా?"

"లేదు సాబ్. నేను ఎంత మొత్తుకున్నా రాయలేదు."

"మన పేట పేరు?"

"అదీ లేదు."

ఆయన కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. తలుపు దగ్గర నిలబడ్డ భార్యను చూసి, "లేదంట" అన్నాడు. ఆమె అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"మంచిగైంది బిడ్డా" అన్నాడు సాబ్. "పేరుంటే మల్ల వెతుక్కుంట వస్తరు. నౌకరి లేకున్నా బతుకుతం. మనోళ్ళు మంచోళ్ళు. నన్ను బచాయించిండ్రు."

సంఘం తనను కాపాడిందనే ఆయన అనుకున్నాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గుంపు నా తల గోడకేసి కొట్టినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన ఎడమచేత్తో నా తల నిమురుతూ, ఏడుపు బయటికి వినబడుతుందని, తలుపు వెయ్యమని కూతురికి సైగ చేశాడు.