తాడు కట్టనిదే తెరవని కత్తి

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం. కర్ణాటకలోని చింతామణి బజారులో మాది కత్తులు సానబెట్టే అంగడి. కత్తెరలు, కొడవళ్ళతోబాటు మల్టీటూల్ కత్తులూ వస్తాయి. మల్టీటూల్ అంటే జేబులో పట్టే ఒకే పిడిలో కత్తి, కత్తెర, రంపం, స్క్రూడ్రైవర్ అన్నీ మడిచిపెట్టినది. కొనేటప్పుడు అందరూ అన్నీ తెరిచి చూసి మురిసిపోతారు. ఇంటికి పోయినాక వాడేది రెండో మూడో. ఏది అరిగిందో చూస్తే ఆ మనిషి పనేందో చెప్పేయొచ్చు. చాలా ఏండ్లుగా నాకు ఇదొక పిచ్చి. సరిగ్గా చెప్పినప్పుడు కొంచెం తలెగరేస్తాను కూడా, దాచేదేముంది.

ఒకరోజు పొద్దున, మురుగమల్ల దర్గా దగ్గర పూలమ్మే సరోజమ్మ ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొని వచ్చింది. అరవై దాటిన మనిషి. మాసిన గడ్డం, మెత్తటి నవ్వు.

"వారమాయెనప్పా, దర్గా కాడ కూర్చోని ఉండాడు. పేరడిగితే నవ్వుతాడు. ఊరడిగితే ఆకాశం చూస్తాడు. స్టేషన్లో చెప్పినాము, ఫోటో తీసుకున్నారు. ఇంగా ఎవురూ రాలేదు. రేపు బెంగళూరు ఆశ్రమానికి పంపిస్తారంట. ఆడికి పోతే ఈయప్ప ఇంటోళ్ళు యాడని ఎతుక్కుంటారు?"

చెంగు ముడి విప్పి ఒక మల్టీటూల్ తీసి బల్ల మీద పెట్టింది. "ఈయప్ప దగ్గిర ఉండింది ఇదొక్కటే. నువ్వు కత్తి చూసి మనిషిని చెప్తావంట కదా?"

పొగిడితే పడిపోయే మనిషిని నేను. భూతద్దం పెట్టి చూసినాను. పెద్ద కత్తి మొదట్లో నల్లటి జిగురు. మల్బరీ కొమ్మలు కోసేవాళ్ళ కత్తులకు ఆ కొమ్మల పాలు ఎండి ఇట్లే నల్లగా పడతాది. "పట్టుపురుగుల రైతమ్మా, అనుమానమే లేదు" అన్నాను. పట్టుపురుగులు ఎక్కువగా పెంచే బట్లహళ్ళి వైపు తెలిసిన రైతులకంతా ఫోటో పంపి ఫోన్లు చేసినాను. మధ్యాహ్నమైపోయింది. ఒక్కరికీ ఆయన తెలీదు. సరోజమ్మ గోడకానుకొని నన్నే చూస్తా ఉండింది. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఏమీ తోచక కత్తిని పెట్రోలు గుడ్డతో తుడిచినాను. జిగురంతా కరిగి వచ్చేసింది. ఎండిన పాలైతే గీకితేగానీ పోవు. ఇది కరెంటు తీగెలకు చుట్టే టేపు జిగురు! అప్పుడుగానీ సీసా మూత తీసేదాని కింది చిన్న గాటు నా కంట పడలేదు. దాన్ని వైర్ స్ట్రిప్పర్ అంటారు, తీగె మీది ప్లాస్టిక్ ఒలిచేదానికి. చాలామందికి అదెందుకుందో కూడా తెలీదు. ఈ కత్తిలో అది అరిగి నున్నగా అయిపోయింది. సరే, కరెంటు పని మనిషి. అట్లాంటోళ్ళు ఊరూరా ఉంటారు. ఇంకొకటి కూడా అంతుబట్టలేదు. పిడి వెనక ఉండే రింగు సగానికి సగం అరిగి ఉంది. తాళంచెవులు తగిలించుకున్నా అంత అరగదు.

కత్తిని పెద్దాయన చేతికే ఇచ్చి, ఒక వైరు ముక్క ముందు పెట్టినాను. "కొంచెం ఒలిచియ్యప్పా."

తీసుకున్నాడు గానీ తెరవలేదు. రెండో చెయ్యి నడుము దగ్గర తడుముకుంటా ఉంది. కింద పడున్న పురికొస ముక్క ఏరుకున్నాడు. ఒక కొస రింగులో కట్టి, ఇంకో కొస మొలతాడుకు ముడేసి, రెండుసార్లు గుంజి చూసుకున్నాడు. అప్పుడు తెరిచి, చూడకుండానే ఆ గాటులో వైరు పెట్టి నీటుగా ఒలిచి ఇచ్చినాడు.

సరోజమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "తాడు ఉండిందప్పా. కత్తి చూసి జనం బెదురుతారని నేనే కోసేసి తీసి పెట్టుకొన్యా."

నాకు అప్పుడు తెలిసింది. మా పక్క బోర్లు వెయ్యి అడుగులు దాటినాయి. మోటరు పైకి లాగేటప్పుడు బోరు నోరు తెరుచుకొని ఉంటాది. ఒక్క స్పానర్ జారి లోపల పడిందంటే మోటరు పైకీ రాదు, కిందికీ పోదు, బోరే పోతాది. పది పనిముట్లకు పది తాళ్ళు ఎవరు కడతారు? ఇట్లాంటి కత్తయితే ఒక్క తాడు చాలు. ఈయన బోరు మోటర్ల మెకానిక్.

మా వీధిలో మోటర్లు రీవైండింగ్ చేసేవాడి చేత మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో కత్తి ఫోటో పెట్టించినాను. కాసేపటికే గుడిబండ వైపు నించి ఒక మెకానిక్ ఫోన్ చేసినాడు.

"యాడ దొరికిందన్నా ఇది? ఆ అరిగిన రింగు చూస్తేనే తెలుస్తాది, సోమేనహళ్ళి నారాయణప్పది. నాకు పని నేర్పిచ్చిన మనిషి. ఆయన కూతురు బాగేపల్లి అంతా ఎతుకుతాండాది."

సాయంత్రానికి కూతురు రత్నమ్మ వచ్చింది. నాయన చేతులు పట్టుకొని ఏడ్చింది. సరోజమ్మను చూసి నవ్వినట్టే ఆమెనూ చూసి నవ్వినాడు ఆయన. చూసేదానికి కష్టమనిపించింది నాకు.

"వయసులో ఉన్నప్పుడు ఒకరి బోరులో స్పానర్ పడేసినాడంట" అని చెప్పింది రత్నమ్మ. "ఆ పొద్దునించి తాడు కట్టనిదే కత్తి తెరిచింది లేదు. మతిమరుపు వచ్చినాక నా పేరు కూడా పోయింది. ఇది మాత్రం పోలేదు. ఇంగ ఈ కత్తి నాయన దగ్గిర ఉంచొచ్చా అన్నా?"

"ఉండనీమ్మా" అన్నాను. అంచులు మొండి చేసి, పిడి మీద కన్నడంలో పేరు, ఊరు, ఆమె నంబరు చెక్కినాను. ఇప్పుడు ఎవరు కత్తి తెచ్చినా నేను ముందే తీర్పు చెప్పను. వాళ్ళ చేతికిచ్చి, పట్టుకునేది చూసినాకే నోరు తెరుస్తాను.

ఆ సాయంత్రం, చెక్కిన అక్షరాలను ఆయన వేలితో తడుముతా కూడబలుక్కొని చదివినాడు. "నారాయణప్ప, సోమేనహళ్ళి." తలెత్తి నన్నడిగినాడు. "ఎవురప్పా ఈయన?"

రత్నమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"బోరు మోటర్ల మెకానిక్కప్పా" అన్నాను. "ఆయన చేతిలోనించి ఏదీ జారి పడదంట."

"అయితే తాడు కట్టుకొని ఉంటాడు" అని, ఆయన కత్తి తాడును మొలతాడుకు ముడేసుకొని, రెండుసార్లు గుంజి చూసుకున్నాడు.